బరువుంటే సరిపోదు

ఫస్టియర్ మెకానిక్స్‌లో గరుకు తలం మీద దిమ్మె లెక్క గుర్తుందా? సమీకరణానికి రెండు వైపులా ఉన్న ద్రవ్యరాశిని కొట్టేసి, చకచకా జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ కొట్టివేతకి అర్థం నాకు మాత్రం మొన్న సెలవుల్లో చీమకుర్తిలో తెలిసింది.

మా బాబాయ్ ట్రెయిలర్ డ్రైవరు. క్వారీల నుంచి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దిమ్మెల్ని కృష్ణపట్నం పోర్టుకి తోలతాడు. ఆ రోజు లోడు 20 టన్నుల దిమ్మె ఒక్కటే. క్రేన్ దించిందో లేదో, "కింద చెక్కలేశాం కదా, ఇక కదులు, వెనక బండ్లున్నాయి" అని లోడింగ్ వాళ్ల తొందర. బాబాయ్ వినిపించుకోకుండా చైన్లు బయటికి లాగాడు. నిజం చెప్పాలంటే నేనూ వాళ్ల పక్షమే.

"ఇంత బరువు ఎక్కడికి కదుల్తుంది బాబాయ్?" అన్నాను.

ఆయన క్యాబిన్ వెనక రేకు మీద సొట్ట చూపించాడు. "నాలుగేళ్ల కింద గేదె అడ్డమొస్తే బ్రేకు కొట్టా. బండి ఆగింది, రాయి ఆగలా. ఇంకో జానెడు జరిగుంటే మీ పిన్ని..." అని ఊరుకున్నాడు.

ఆ రాత్రి లెక్క వేశాను. చెక్క మీద రాయికి ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. గట్టిగా బ్రేకు పడితే లోడు 0.8 జీ దాకా తట్టుకోవాలని యూరప్, అమెరికా నిబంధనలు. ఘర్షణ ఆపేది 0.3 జీ. మిగతా 0.5 జీ, అంటే ఈ దిమ్మెకి 10 టన్నుల బలం, చైన్లే భరించాలి. బరువు పెరిగితే ఘర్షణ పెరిగే మాట నిజమే, కానీ ముందుకి తోసే బలమూ అంతే పెరుగుతుంది. ద్రవ్యరాశిని కొట్టేయడమంటే ఇదే. 2 టన్నుల రాయైనా, 20 టన్నుల రాయైనా జారడానికి ఒకటే.

చైను ఉంటే చాలదు, కట్టే తీరూ ముఖ్యమే. పైనుంచి అడ్డంగా వేసింది రాయిని కిందికి నొక్కుతుంది. దిమ్మె ముందు భాగం నుంచి వెనక్కి ఏటవాలుగా లాగి కట్టిందే ముందుకి జరగనివ్వదు. రాయి అంచులకి చైను కోసుకుపోకుండా బాబాయ్ పాత టైరు ముక్కలు పెట్టాడు. ఒంగోలు దాటగానే ఆపి మళ్లీ చూశాడు. కుదుపులకి చెక్కలు నలిగి, రెండు చైన్లు వదులయ్యాయి. అమెరికాలో మొదటి 50 మైళ్లలోపు ఇలా చూసుకోవడం రూలు. ఇక్కడ అది బాబాయ్ అలవాటు, అంతే.

అలవాటు మీద వదిలేయడమే తప్పని నా వాదన. అధిక లోడుకి 2019 సవరణ తర్వాత 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. అందుకే కాటా దగ్గర టన్నులు చూస్తారు. నేను చూసిన కాటా దగ్గర చైన్ల వంక ఎవరూ చూడలేదు. "మంచి డ్రైవరైతే తనే చూసుకుంటాడు" అంటారా? రాయి ఎక్కించేది ఒకరు, తొందరపెట్టేది ఒకరు. ఆ రాయికి ముందు కూర్చునేది మాత్రం డ్రైవరు. చైన్లు కట్టిన అరగంటకి బాబాయ్‌కి కిరాయి రాలేదు, పోర్టులో వరస మాత్రం పోయింది.

లోడింగ్ స్లిప్పులో ఇంకో గడి పెడితే చాలు. ఎన్ని చైన్లు, ఎవరు చూశారు, సంతకం. ఆ అరగంటని కిరాయిలో కలపాలి. రేపు మనలో కొందరం అలాంటి సైట్లలోనే ఇంజినీర్లుగా చేరతాం. బండి కదిలే ముందు ఆ సంతకం మనది కావాలి.