చరిత్రకారుని ఎదుట కూర్చుందాం

గత శీతాకాలంలో ఒక ఆదివారం, మా పేట మసీదు పక్కనున్న పఠన మందిరంలో, ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అమ్మాయి మా ముందుకు వచ్చి నిలబడింది. "చాచా, అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని తగులబెట్టించింది హజ్రత్ ఉమర్ (రజి) గారేనట. కాలేజీలో అందరి ముందూ అన్నారు. నిజమేనా?" అని అడిగింది. అక్కడ పెద్దలం ఆరుగురం ఉన్నాము. ఒకరు "పచ్చి అబద్ధమని చెప్పి వచ్చేయ్" అన్నారు. మరొకరు "అలాంటి వాళ్లతో మాట్లాడకు" అన్నారు. అబద్ధమని ఎలా తెలుసునో మాత్రం ఆరుగురిలో ఒక్కరూ చెప్పలేకపోయాము. ఆ అమ్మాయి తల వంచుకుని వెళ్లిపోయింది. ఆనాటి సిగ్గే ఈ వ్యాసానికి కారణం.

మరుసటి నెలలో మేము ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుణ్ణి అదే మందిరానికి పిలిచాము. ఆయన ముస్లిం కారు. అదే ప్రశ్న ఆయన ముందు పెట్టాము. ఆయన అవునని గాని కాదని గాని అనలేదు. "ఈ మాట మొదట రాసింది ఎవరు? ఎప్పుడు?" అని మమ్మల్నే ఎదురు అడిగారు. ఆ తర్వాత నిదానంగా విప్పి చెప్పారు. అరబ్బు సేనల చేతికి అలెగ్జాండ్రియా వచ్చింది 642 ప్రాంతంలో. ఆ దండయాత్రను వివరంగా రాసిన క్రైస్తవ బిషప్, నికియు నగరపు జాన్, అదే శతాబ్దం చివరివాడు. విజేతలను పొగడవలసిన అగత్యం ఆయనకు లేదు. వారి క్రౌర్యాన్ని ఆయన దాచనూ లేదు. అయినా గ్రంథాలయ దహనమన్న మాట ఆయన రాతలో లేదు. ఖలీఫా ఆజ్ఞతో పుస్తకాలు స్నానశాలల పొయ్యిలలో కాలిపోయాయన్న కథ ప్రచారంలోకి వచ్చింది ఐదు శతాబ్దాలు దాటిన తర్వాత, పదమూడవ శతాబ్దపు రచనలలో. దానిని రాసినవారిలో ఇబ్నుల్ ఖిఫ్తీ వంటి ముస్లిం రచయితలే ఉన్నారు. పేరుపొందిన ఆ ప్రాచీన గ్రంథాలయమైతే అరబ్బులు రావడానికి శతాబ్దాల ముందే క్షీణించిపోయింది. ఇది విన్న అమ్మాయి కాగితం మీద తేదీలు రాసుకుంది.

మేము జీవితంలో అధిక భాగం ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలతో గడిపిన వాళ్లం. తేదీ లేని కాగితాన్ని, సంతకం లేని అర్జీని, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని తపాలును దస్త్రంలో చేర్చిన గుమాస్తాకు మెమో తప్పదు. రెండు సెంట్ల ఇంటి స్థలం విషయంలో ఇంత జాగ్రత్త పడే మనం, వెయ్యేళ్ల చరిత్ర విషయంలో మాత్రం ఊరూ పేరూ లేని సందేశాన్ని కళ్లు మూసుకుని నమ్ముతున్నాము, కళ్లు మూసుకునే తిరస్కరిస్తున్నాము. రెండూ ఒకే రోగం.

ఈ రోగానికి మందు బడిలో దొరకాలి. బడిలో ఏం జరుగుతున్నదో చూడండి. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2022లో ప్రకటించిన పాఠాల తగ్గింపులో, పదకొండో తరగతి ప్రపంచ చరిత్ర పుస్తకం నుంచి 'మధ్య ఇస్లామిక్ ప్రాంతాలు' అన్న అధ్యాయాన్ని తొలగించింది. దానితో పాటు 'సంస్కృతుల ఘర్షణ', 'పారిశ్రామిక విప్లవం' అధ్యాయాలూ పోయాయి. పన్నెండో తరగతి పుస్తకం నుంచి మొఘల్ దర్బారుల అధ్యాయం పోయింది. కోవిడ్ తర్వాత పిల్లలపై భారం తగ్గించడానికే ఈ పని చేశామని వారు సెలవిచ్చారు. పిల్లల బరువు తగ్గవలసిందేనని మేమూ ఒప్పుకుంటాము. కాని ప్రపంచ చరిత్ర అని అట్ట మీద రాసుకున్న పుస్తకంలో బాగ్దాదు, దమాస్కస్, కైరో లేకపోతే అది ఏ ప్రపంచం? ఇంట్లో భారం తగ్గించుకోవడానికి ఎవరైనా దూలాన్ని కోసుకుంటారా?

ఈ కోత వల్ల నష్టపోయింది ముస్లిం పిల్లలు మాత్రమేనని ఎవరైనా అనుకుంటే పొరపాటు. భారతదేశం ప్రపంచానికి ఇచ్చిన మహాదానాల్లో దశాంశ సంఖ్యా విధానం ఒకటి. అది పడమటికి ఏ దారిన పోయింది? 762లో బాగ్దాదు నగరానికి పునాది వేసిన ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో భారతీయ ఖగోళ గ్రంథాలు అరబ్బీలోకి వెళ్లాయి. తొమ్మిదవ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ భారతీయ గణన పద్ధతి మీద గ్రంథం రాశాడు. అరబ్బులు ఆ అంకెలను హింద్ అంకెలనే పిలిచారు. ఎవరి సొత్తో దాచుకోలేదు. 1202లో ఇటలీవాడైన ఫిబొనాచ్చి వాటిని తన పుస్తకంలో వివరించాడు. యూరపువారు తమకు అందించినవారి పేరిట వాటిని అరబ్బు అంకెలన్నారు. మధ్యలో ఉన్న బాగ్దాదును చెరిపివేస్తే బ్రహ్మగుప్తుడి నుంచి ఫిబొనాచ్చి దాకా ఉన్న వంతెన కూలిపోతుంది. భారతీయ జ్ఞానాన్ని గురించి గర్వంగా మాట్లాడేవారే ఆ జ్ఞానం నడిచిన బాటను తవ్విపోస్తున్నారు.

ఇంతవరకు చదివి మనవారు తృప్తిగా తల ఊపుతారని మాకు తెలుసు. ఇప్పుడు మన సంగతి. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుని మీద అజాన్ విని ముస్లిం అయ్యాడన్న కథను మన ఇళ్లలో వినని పిల్లవాడు ఉన్నాడా? ఆ కథను ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా ఖండించాడు. ఆయన బతికుండగానే ఖండించిన మాటను మనం మాత్రం జుమా తర్వాత మసీదు మెట్ల మీద ఇంకా చెప్పుకుంటున్నాము. ప్రతి యంత్రాన్నీ, ప్రతి శాస్త్రాన్నీ మనవారే కనిపెట్టారని పంచుకునే సందేశాలకు లెక్కే లేదు. బాగ్దాదులో గాలెన్ వైద్య గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ క్రైస్తవుడని వాటిలో ఒక్కటీ చెప్పదు. చెబితే మన గొప్పదనం తగ్గుతుందని భయమా? అన్యమతస్థుల విద్వత్తుకు తలుపులు తెరిచిన కాలమే మన స్వర్ణయుగమన్న సత్యం మనకు ఎందుకు చేదు కావాలి?

విచారణ లేకుండా వార్తను నమ్మవద్దని దివ్య ఖుర్ఆన్ సూరా హుజురాత్‌లో ఆదేశిస్తున్నది. హదీసు పండితులు ఒక్క మాట కోసం నెలల తరబడి ప్రయాణం చేసి, చెప్పినవాని ఎదుట కూర్చుని, నీవు ఎవరి దగ్గర విన్నావు, వారు ఎవరి దగ్గర విన్నారు అని అడిగి రాసుకున్నారు. వారి వారసులమని చెప్పుకుంటూ మనం 'ఫార్వర్డ్' మీట నొక్కుతున్నాము.

మన చరిత్రకారుల తీరు చూడండి. అల్ బిరూనీ భారతదేశాన్ని గురించి రాయదలచినప్పుడు గజనీలో విన్న గాలిమాటలతో సరిపెట్టుకోలేదు. సంస్కృతం నేర్చుకున్నాడు, పండితులతో సంభాషించాడు, వారి గ్రంథాలు చదివాడు. 1030 ప్రాంతంలో రాసిన ఆ గ్రంథంలో, మహమూద్ దాడులు ఈ దేశపు సంపదను నాశనం చేశాయని, హిందువుల మనసులలో ముస్లింల పట్ల విముఖత నాటాయని గజనీ పాలకుల నీడలో ఉండే రాశాడు. 1332లో ట్యునిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ 'ముఖద్దిమా'లో, చరిత్రలోకి అసత్యం ఎలా చొరబడుతుందో కారణాలు వరుసగా చెప్పాడు. సొంత వర్గం మీది అభిమానం అందులో మొదటి వరుసలో ఉన్నది. మూసా ప్రవక్త (అలై) సైన్యం ఆరు లక్షలని మస్‌వూదీ వంటి పెద్ద చరిత్రకారుడు రాసినా, అంత జనం ఆ ఇరుకు నేల మీద బారులు తీరి యుద్ధం చేయడం సాధ్యమేనా అని నిలదీశాడు. 1401లో దమాస్కస్ ముట్టడిలో ఉండగా, తాళ్ల సాయంతో కోట గోడ దిగి వెళ్లి తైమూరుతో ముఖాముఖి మాట్లాడాడు. ఆ సంభాషణను రాసి పెట్టాడు. అడగడం, వినడం, అనుమానించడం, రాసుకోవడం మనకు కొత్తగా ఎవరో నేర్పవలసిన విద్య కాదు. మనం పోగొట్టుకున్న విద్య.

అయితే అడిగినప్పుడు నచ్చని జవాబూ వస్తుంది. మా మూడో సమావేశంలో ఒక యువకుడు ఉస్మానియా ఖిలాఫతు వైభవం గురించి అడిగాడు. మన తాతలు ఖిలాఫతు ఉద్యమంలో గాంధీజీతో కలిసి నడిచినవారు. ఆ పేరు వింటేనే మనకు ఒళ్లు పులకరిస్తుంది. అధ్యాపకులు ఆ సామ్రాజ్యపు పాలనా పద్ధతులు చెప్పారు. ఆ తర్వాత 1915లో అదే సామ్రాజ్యంలో లక్షలాది ఆర్మేనియన్లను ఇళ్ల నుంచి వెళ్లగొట్టి ఎడారి దారులలో చంపిన సంగతీ చెప్పారు. మందిరంలో నిశ్శబ్దం. ఒక పెద్దమనిషి లేచి వెళ్లిపోయారు. అధ్యాపకులు ఆగలేదు. ఆ ఆర్మేనియన్ అనాథలకు ఆశ్రయమిచ్చిన అరబ్బు కుటుంబాలను గురించి, వారిని కాపాడమని మక్కా షరీఫ్ హుస్సేన్ రాసిన ఉత్తరాన్ని గురించి కూడా వివరించారు. మాకు ఆ రోజు ఒకటి అర్థమైంది. మన మీద జరిగిన అన్యాయాన్ని ప్రపంచం వినాలని కోరేవారికి, మనవారు చేసిన అన్యాయాన్ని వినే గుండె ఉండి తీరాలి. లేకపోతే మనది న్యాయ పోరాటం కాదు, ఉత్త పక్షపాతం.

అభ్యంతరాలు చాలా వచ్చాయి. "చరిత్ర చదివితే ఏ ఉద్యోగం వస్తుంది?" అన్నది మొదటిది. ఎం.పి.సి., బై.పి.సి. తప్ప మరో దారి లేదన్నట్టు మన మైనారిటీ విద్యాసంస్థలే చరిత్ర విభాగాలను మూలన పడవేశాయి. రాజ్యాంగం 30వ అధికరణ మనకు విద్యాసంస్థలు నెలకొల్పే హక్కు ఇచ్చింది. ఆ హక్కుతో మనం ఎందరు చరిత్రకారులను తయారు చేశాము? హైదరాబాదులో కూర్చుని బహమనీల మీద, కుతుబ్‌షాహీల మీద ప్రామాణిక గ్రంథాలు రాసిన హారూన్ ఖాన్ షేర్వానీ వంటివారు రేపు ఎక్కడి నుంచి వస్తారు? వైద్యులను, ఇంజనీర్లను మాత్రమే కన్న సమాజం తన కథను ఇతరుల నోట వినవలసిందే.

"ముస్లిమేతరులు మన చరిత్ర చెప్పడమేమిటి?" అన్నది రెండవది. అలెగ్జాండ్రియా కథ నిలవదని మాకు చూపినవారు ఎవరో పైన చెప్పాము. చరిత్రకారుని ఆధారం చూడాలి గాని, ఆయన పేరు చూడరాదు.

"ఫోనులో అన్నీ ఉన్నాయి, వింటే చాలదా?" అన్నది మూడవది. ఫోనులో మంచి చరిత్రకారుల ప్రసంగాలు ఉన్నాయి, కాదనము. కాని వాటి పక్కనే విషమూ ఉన్నది. ఏది ఏదో తేల్చుకోవడానికి, "మీకు ఎలా తెలుసు?" అని ఎదురుగా అడిగి జవాబు రాబట్టిన అనుభవం కావాలి. ఆ అలవాటు పడిన పిల్లవాడు ఫోనును కూడా అలాగే నిలదీస్తాడు.

కాబట్టి మా విన్నపాలు ఇవి. ప్రతి పట్టణంలో మసీదు కమిటీలు, సంఘాలు నెలకు ఒక ఆదివారం ఒక చరిత్రకారుణ్ణి పిలవాలి. ప్రశ్నలు ముందే రాసి ఇవ్వాలి. తల్లులు, ఆడపిల్లలు వెనుక వరుసలో శ్రోతలుగా కాక ప్రశ్నించేవారిగా కూర్చోవాలి. చెప్పిన ప్రతి మాటకు ఆధారం అడిగి, దానిని పుస్తకంలో నమోదు చేయాలి. మైనారిటీ కళాశాలలు చరిత్ర విభాగాలను తిరిగి తెరవాలి. తొలగించిన అధ్యాయాలను పునరుద్ధరించమని తల్లిదండ్రుల సంతకాలతో వినతిపత్రాలు వెళ్లాలి. అవి తిరిగి వచ్చేదాకా ఆ పాఠాలను మనమే తెలుగులో చెప్పుకోవాలి.

చివరగా ఒకటి. తెలంగాణలో 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్యను కళ్లారా చూసిన పదేళ్ల పిల్లలు నేడు ఎనభై అయిదు దాటిన ముసలివారు. ఆనాటి మరణాలపై పండిట్ సుందర్‌లాల్ బృందం సమర్పించిన నివేదిక దశాబ్దాల పాటు బయటకు రాలేదు. రజాకార్ల చేతిలో బాధపడిన పల్లె రైతు, ఆ తర్వాత ఇల్లూ మనుషులనూ పోగొట్టుకున్న ముస్లిం ముసలమ్మ, ఇద్దరూ ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నారు. వారి ఎదుట చరిత్రకారుణ్ణి కూర్చోబెట్టవలసిన రోజులు ఇవే. వారి జనాజాలు, చితులు లేచాక అడగడానికి ఎవరూ ఉండరు.

ఆ అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. కాలేజీలో మళ్లీ ఆ మాట వచ్చినప్పుడు ఆమె కోపగించుకోలేదట. "ఇది మొదట ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు?" అని మాత్రమే అడిగిందట. అవతలివారికి జవాబు రాలేదు. అయితే వారిలో ఒకరు వచ్చే ఆదివారం మా మందిరానికి వస్తామన్నారు. తలుపు తెరిచే ఉంచాము.