యంత్రములోని పల్లె

గత సంవత్సరము తలిదండ్రుల సభనాడు ఒక విద్యార్థి తండ్రి, సేద్యము చేయువాడు, నన్నొక ప్రశ్న యడిగెను. "మాష్టరుగారూ, ఏ యూర నే పంట వేయవలెనో, ఏ కాలువకెంత నీరు వదలవలెనో ఇకమీదట కంప్యూటరే చెప్పునని మావాడనుచున్నాడు. అది మా చేను చూచినదా?" ప్రక్కనున్నవారు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. నాడు తగిన యుత్తర మియ్యలేకపోతిని గనుక, నా యభిప్రాయమును ఈ పత్రికాముఖమున విన్నవించుకొనుచున్నాను.

ఆ బాలుడు విన్న పద్ధతి యెట్టిదో మొదట చెప్పవలెను. జనులు భూమిని వాడుకొను తీరును, ఒకరినొకరు చూచుకొని మెలగు తీరును తెలిసికొనుటకై కొందరు శాస్త్రజ్ఞులు కంప్యూటరులో నొక చిన్న సీమను కల్పింతురు. అందు పొలములు, ఏరులు, వానలు నుండును. ఒక్కొక్క కుటుంబమునకు మారుగా నొక్కొక్క బొమ్మ యుండును. మన తోలుబొమ్మలాటలో తెరవెనుకనున్నవాడే బొమ్మల నన్నిటి నాడించును. ఇచ్చట నట్లు కాదు. ప్రతి బొమ్మకును తన నియమము తనకు గలదు. అది పొరుగువానిని చూచును, తన గాదెను చూచుకొనును, పిమ్మట నేమి చేయవలెనో తానే నిశ్చయించుకొనును. ఏండ్లు గడచినకొలది ఊరంతయు నేమగునో శాస్త్రజ్ఞుడు కనిపెట్టి చూచును.

యంత్రము లేకయే దీని రుచి తెలిసికొనవచ్చును. అమెరికా దేశపు ఆర్థికశాస్త్రజ్ఞుడగు థామస్ షెల్లింగుగారు (వీరికి 2005లో నోబెల్ బహుమానము లభించినది) 1971లో ప్రకటించిన వ్యాసమున గళ్లపలకపై రెండు రకముల పాత్రలను నిలిపిరి. "నా చుట్టునున్నవారిలో మూడవవంతు నావారుండిన చాలు"నన్నంత స్వల్పమైన కోరిక వానికిచ్చి చూచినను, తృప్తిలేనివి లేచి ఖాళీ గళ్లకు పోవగా పోవగా, పలక రెండు వాడలుగా చీలిపోవును. అట్టి చీలికను వానిలో నేదియు కోరలేదు. విద్యార్థులు చదరంగపు పలకపై చింతగింజలతోను గవ్వలతోను చేసి చూతురుగాక. అయితే అమెరికా పట్టణములలో నల్లజాతివారి వాడలు వేరుపడుటకు ఇదియే కారణమనుట తొందరపాటు. అచ్చట చట్టములును, ఇండ్లకు ఋణములిచ్చువారి పక్షపాతమును కూడ పనిచేసినవి. ఇట్లును జరుగవచ్చుననుట వేరు, ఇట్లే జరిగినదనుట వేరు.

రైతు ప్రశ్నకు మరింత దగ్గరగు నుదాహరణము ఇండోనీషియాలోని బాలి ద్వీపమున గలదు. అచ్చటి కొండవాలులపై వరిమళ్లు మెట్లుమెట్లుగా నున్నవి. ఒక కాలువ నీటిని పంచుకొను రైతుల సంఘమునకు సుబాక్ అని పేరు. కొన్ని సుబాక్‌లవారు ఒక నీటి దేవాలయమున కూడి, ఎవరెప్పుడు నాట్లు వేయవలెనో నిర్ణయించుకొనుట పూర్వాచారము. 1970 తరువాత ప్రభుత్వమువారు క్రొత్త వంగడములను తెచ్చి, దేవాలయపు వంతులకొరకు వేచియుండక వీలైనన్ని సారులు నాటుడని ప్రోత్సహించిరి. కొలదికాలములోనే నీటికి కొరత వచ్చెను. మనవారు సుడిదోమ యని పిలుచు పురుగు మున్నగు చీడలు పైరుపై విరుచుకొనిపడెను.

ఇందలి చిక్కును కాలువక్రింద సేద్యము చేయువారు సులభముగా గ్రహింతురు. అందరు నొకేసారి నాటినచో, కోతల తరువాత మళ్లన్నియు నొకేసారి ఖాళీపడును. పురుగు తిండిలేక చచ్చును. కాని అందరికి నొకేసారి నీరు కావలసివచ్చును, ఏరు చాలదు. ఎవరికి తోచినప్పుడు వారు నాటినచో నీరు సర్దుకొనును గాని, పురుగు ఒక మడినుండి మరియొక మడికి ఏడాది పొడుగున విందునకు పోవుచునేయుండును. ఎంతమంది కలసి నాటవలెనన్నదే ప్రశ్న. మరి ఎగువరైతునకు నీటిభయము లేదుగదా, దిగువవాని గోడు అతడేల వినవలెను? పురుగుభయమున వినును. దిగువవాని పైరు వేరు కాలమున నున్నచో అందలి పురుగు తన మడిమీదికే వచ్చును. కావున నీరున్నవాడు నీరులేనివానితో సంధిచేసికొనును. ఈ సంగతి నేను మొదట చదివిననాడు, పుస్తకము మూసి కొంతసేపు ఊరక కూర్చుంటిని.

మానవశాస్త్రజ్ఞుడగు స్టీఫెన్ లాన్సింగుగారును, జీవావరణ శాస్త్రజ్ఞుడగు జేమ్సు క్రెమరుగారును అచ్చటి రెండేరుల క్రింది 172 సుబాక్‌లను కంప్యూటరులో నిలిపి, 1993లో ఫలితములను ప్రకటించిరి. ప్రతి సుబాక్‌నకు వారిచ్చిన నియమము మిక్కిలి చిన్నది. సంవత్సరాంతమున ఇరుగుపొరుగు సుబాక్‌లను చూచి, అందెక్కువ పండించినదాని పంటక్రమమును తానును అనుసరింపవలెను. యంత్రములో ఆజ్ఞాపించు అధికారి లేడు, దేవాలయము లేదు. అయినను కొలది యేండ్లలోనే సుబాక్‌లు గుంపులుగా చేరి ఒకే కాలమున నాటుకొనజొచ్చినవి. ఆ గుంపులు నిజమైన దేవాలయముల క్రింది గుంపులను పోలియుండెను. పంటయు పెరిగెను.

ఇచ్చట నాకొక నొప్పి గలదు. ఇది యంతయు బాలి రైతులు తరతరములుగా నడపుచున్నదే. వారి నోటిమాటకు లేని మన్నన తెరమీది రంగుల పటమునకు కలుగుట విచారకరము. అట్లయిన యంత్రమెందులకని కొందరందురు. నేనట్లనను. రైతు తన కాలువ నెరుగును గాని, 172 కాలువల నొకేసారి చూచు కన్ను మనుష్యునకు లేదు. "అందరు నొకేనాడు నాటిన నేమగును? పురుగు రెండింతలైన నేమగును?" అని యంత్రములో పరీక్షించిన నెవరి గాదెయు ఖాళీ కాదు. నిజమైన యేటిపై అట్టి పరీక్ష చేసినందుకే బాలివారు పైరులు పోగొట్టుకొనిరి. నేను కాదనునది వేరొకటి. కాలువగట్టున కూర్చుండి రైతుతో మాటలాడనివాడు గదిలో కూర్చుండి నియమములు వ్రాసి, యంత్రమాడినదానిని ఆజ్ఞగా పల్లెకు పంపుట. బొమ్మకిచ్చిన నియమము తప్పైనచో వేయి సంవత్సరములాడించినను తప్పే పండును.

నియమములు జాగ్రత్తగా వ్రాసినను ఏదో యొకటి విడిచిపోవును. అరిజోనాలోని లాంగ్‌హౌస్ లోయలో నేటి ప్యూబ్లో ప్రజల పూర్వులు మొక్కజొన్నను నమ్ముకొని బ్రదికిరి. చెట్ల కాండములలోని వలయములను బట్టి ఆనాటి అనావృష్టులను లెక్కగట్టి, క్రీ.శ. 800 మొదలు 1350 వరకు ఆ లోయ జీవితమును కొందరు శాస్త్రజ్ఞులు యంత్రములో నాడించి 2002లో ప్రకటించిరి. మనిషికి ఏటికి 160 కిలోల మొక్కజొన్న కావలెనని నియమము. జనసంఖ్య పెరుగుటయు తరుగుటయు చాలవరకు సరిపోయెను. కాని 1300 ప్రాంతమున నిజమైన లోయ పూర్తిగా ఖాళీకాగా, యంత్రములో కొన్ని కుటుంబములు నిలిచియుండెను. ఆ నేల మరికొందరిని పోషింపగలదు, అయినను వారు వెడలిపోయిరి. చుట్టములు పోయిన యూర నుండలేక పోయిరో, మరెందుచేతనో, యంత్రమునకు తెలియదు. ఆకలి యొక్కటే కారణము కాదని మాత్రము చెప్పగలిగినది. అది సరిపోలినచోటుకంటె సరిపోలని యీ చోటనే నాకు దానియందు గౌరవమెక్కువ.

మొన్న ఆ తండ్రి కుమారుని రుసుము చెల్లింప వచ్చినప్పుడు ఈ కథలన్నియు చెప్పితిని. ఆయన బాలి సంగతిని శ్రద్ధగా విని, పురుగును గురించి రెండుసారులు మరల చెప్పించుకొనెను. వెళ్లుచు గుమ్మమునొద్ద నిలిచి, "మావాడా బొమ్మలాట నేర్చుకొన్ననాడు మా కాలువ చివరి మడివానిని కూడ నొక బొమ్మగా పెట్టుమని చెప్పుడు మాష్టరుగారూ, వానిని లెక్కలో ఎప్పుడును మరతురు" అని సైకిలెక్కెను.