స్కాన్ చేసి పడేస్తే నోటీసు అయిపోతుందా?

డిగ్రీ పరీక్ష ఫీజుకు ఆఖరి తేదీ ఎప్పుడో తెలియాలి. మీది రాజోలు అనుకోండి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉన్నది రాజమండ్రిలో. నోటీసు బోర్డు చూడ్డానికి అంత దూరం వెళ్లలేరు కాబట్టి ఫోన్ తీస్తారు. ఉభయ గోదావరి జిల్లాల పిల్లలకు ఇప్పుడు వెబ్‌సైటే నోటీసు బోర్డు. గోడ మీద బోర్డుకు కాగితం తలకిందులుగా అంటిస్తే గొడవ చేస్తాం. సైట్ల విషయంలో మాత్రం సర్దుకుపోతున్నాం. ఏ ఒక్క సంస్థ సంగతో కాదిది.

మన కాలేజీల్లో, ఆఫీసుల్లో నోటీసు ఎలా పుడుతుందో చూడండి. డీటీపీ సెంటర్లో అను ఫాంటులో టైపు చేయిస్తారు. ప్రింటు తీసి, సంతకం, స్టాంపు వేయించి, స్కాన్ కొట్టి సైట్లో పెడతారు. ఫైలు పేరు 'స్కాన్0023'. కంటికి అది తెలుగు, కంప్యూటర్‌కు ఉత్త ఫొటో. చూపు లేని విద్యార్థులు ఫోన్లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లతో చదువుకుంటారు. ఈ ఫొటో దగ్గరకు రాగానే వాటి నోరు పడిపోతుంది. పోనీ, స్కాన్ చేయకుండా అను ఫైలునే పీడీఎఫ్ చేసి పెట్టినా ఒరిగేదేమీ లేదు. తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి వేరే గుర్తులు. చదివిస్తే అంతా గందరగోళం. అదే నోటీసును యూనికోడ్‌లో, అంటే మీరు రోజూ వాట్సాప్‌లో కొట్టే తెలుగులో, పేజీ మీదే పెడితే స్క్రీన్ రీడర్ చదువుతుంది, గూగుల్ వెతికిపెడుతుంది, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే లంక గ్రామంలోనూ చప్పున తెరుచుకుంటుంది. సంతకం ఉన్న కాపీ కింద జత చేయండి, ఎవరొద్దన్నారు?

ఇదేమీ దయతలచి చేసే పని కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. కేవైసీ కోసం కన్ను ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపు లేని ఒక వ్యక్తి వేసిన పిటిషన్ల మీద 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది.

ఇక పాతబడ్డ సమాచారం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతవరకూ కాకినాడలో ఉన్న తూర్పు గోదావరి కేంద్రం రాజమండ్రికి వచ్చింది, పశ్చిమ గోదావరిది ఏలూరు నుంచి భీమవరానికి మారింది, అమలాపురం కోనసీమ జిల్లాకు కేంద్రమైంది. పాత పేజీలో చిరునామా నమ్మి, కాగితాలు పట్టుకుని వేరే ఊరి బస్సెక్కిన కుర్రాడికి ఛార్జీలు ఎవరిస్తారు?

నాక్ తనిఖీ ఉందంటే గోడలకు సున్నం కొట్టినట్టు సైటుకూ ఓ పూత పడుతుంది. అది ముగియగానే మళ్లీ మామూలే. సైటు చేయించడానికి డబ్బు దొరుకుతుంది, చూసుకునే మనిషే దొరకడు. అసలు రోగం అక్కడుంది.

ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదు? మీ కాలేజీ సైట్లో ఒక నోటీసులోని మాటను కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. కాపీ కాకపోతే అది ఫొటో. పిచ్చి గీతలు వస్తే అను ఫాంటు. తర్వాత టాక్‌బ్యాక్ పెట్టుకుని, కళ్లు మూసుకుని ఫీజు తేదీ వెతకండి. 'ఇక్కడ క్లిక్ చేయండి' అని పదిసార్లు వినిపిస్తుంటే ఏది దేనికో మీకే అర్థం కాదు. యాక్సెసిబిలిటీ టెస్టింగ్ అని ఐటీ కంపెనీల్లో జీతమిచ్చి చేయించేది ఈ పనే. దాని ప్రమాణాలు డబ్ల్యూసీఏజీ పేరుతో నెట్లో ఉచితంగా ఉన్నాయి. రెజ్యూమేలో 'ఎంఎస్ ఆఫీస్ వచ్చు' అన్న లైను అందరూ రాస్తారు. 'మా కాలేజీ నోటీసులన్నీ యూనికోడ్‌లోకి మార్చాను' అన్న లైను దగ్గర ఇంటర్వ్యూ చేసేవారు ఆగి ఒక ప్రశ్న వేస్తారు.

ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఇచ్చేటప్పుడు తప్పుల చిట్టా మాత్రం చదవకండి. ఏ పేజీలో ఏ మాట పాతబడింది, దాని బదులు ఏముండాలి అన్నది రాసివ్వండి. చివర్న ఒక్కటి అడగండి: సైటు బాధ్యత ఎవరిదో వారి పేరు, ఆఫీసు ఫోన్ నంబరు మొదటి పేజీలోనే పెట్టమని.