వైద్యుని వాకిట పెరిగే వ్యాధి

ఆసుపత్రికి వెళ్ళిన రోజుననే ఒంట్లో ఎక్కువ బాగుండదని మన ఇళ్ళలోని పెద్దలు చెప్పినప్పుడు మనము నవ్వి ఊరుకుంటాము. భయస్థులనో, చాదస్తమనో ఒక మాట అని తప్పించుకుంటాము. ఆ నవ్వు తప్పని మేము ఆలస్యంగా తెలుసుకున్నాము.

మా ఖాలాజాన్ నాగాయలంకలో ఉంటారు. మధుమేహం, రక్తపోటు ఆమెకు ఎంతో కాలంగా తోడు. మూడు నెలలకొకసారి బందరులో చూపించుకోవాలి. ముందు రాత్రి నిద్ర ఉండదు. పరగడుపున రక్తపరీక్ష గనుక ఏమీ తినకుండా తొలి బస్సు ఎక్కి, అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు చేరి, చీటీ కొరకు వరుసలో నిలబడతారు. చీటీ మీద పేరుండదు, అంకె ఉంటుంది. ఆమెకు తెలుగు రాకపోలేదు. ఇంట ఉర్దూ, బజారులో తెలుగు. అయినా ఆ గోలలో తన అంకె చెవిన పడదేమోనని తలుపు వంకే చూస్తూ కూర్చుంటారు. మరుగుదొడ్డికి వెళితే పిలుపు తప్పిపోతుందని ఆపుకొంటారు. తీరా లోపలికి వెళ్ళీ వెళ్ళకముందే, బుర్ఖా చేతిని పైకి జరిపి, పట్టీ చుట్టి కొలుస్తారు. 186. “మందులు సరిగా వేసుకోవడం లేదా?” అన్న మందలింపు ఆ వెంటనే వస్తుంది.

ఒకసారి ఆ అంకెను చూసి మందు మోతాదు పెంచారు. నాలుగు రోజుల తరువాత ఖాలాజాన్ వజూ చేసి లేవబోయి కళ్ళు తిరిగి పడిపోయారు. ఊరి ఏఎన్‌ఎం వచ్చి కొలిస్తే 104. నాటి నుండి ఆమె బందరు ప్రయాణం మానుకున్నారు. ఎనిమిది నెలలు ఎవరెంత చెప్పినా కదలలేదు. ఆ ఎనిమిది నెలలలో కాలి వేలికి పుండు పడింది. తెలిస్తే మరల ఆసుపత్రికి తీసుకుపోతారని, మేజోడు తొడిగి దాచారు. చివరకు గుడివాడలో వేలు తీసివేయవలసి వచ్చింది. ఆ ఆసుపత్రి పేరు మాకు ఇక్కడ అవసరం లేదు. అటువంటివి అన్ని పట్టణాలలోనూ ఉన్నవి.

ఇది ఒక ముసలమ్మ పిరికితనం కాదు. పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే పాదరస పరికరాన్ని 1896లో ఇటలీ దేశస్థుడు రివా రోచ్చి రూపొందించాడు. 1983లో ఆ దేశంలోనే మిలాన్ నగరంలో మాంచియా అనే వైద్యుడు, ఆయన సహచరులు, రోగుల రక్తనాళంలోనే కొలమానాన్ని అమర్చి, వైద్యుడు గదిలోనికి వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో గమనించారు. మొదటి కొద్ది నిమిషాలలోనే పై అంకె సగటున 27 వరకు పెరిగినది. వైద్యుడు ఇంకా అక్కడే ఉండగానే క్రమంగా తగ్గజొచ్చినది. 1988లో అమెరికాలో పికరింగ్, ఆయన సహచరులు 292 మందిని పరిశీలించగా, వైద్యశాలలో రక్తపోటు ఎక్కువగా కనిపించిన వారిలో 21 శాతం మందికి మిగిలిన పగలంతా మామూలుగానే ఉన్నది. దీనికే తెల్లకోటు రక్తపోటు అని పేరు.

రక్తపోటుతోనే ఇది ఆగదు. భయం కలిగినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే స్రావాలను విడుదల చేస్తుంది. కాలేయం తనలోని చక్కెరను రక్తంలోనికి వదులుతుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది. ఉబ్బసం, పార్శ్వపునొప్పి ఉన్నవారికి నిద్రలేమి, ఆందోళన ఎంత చేటు చేస్తాయో వారినే అడగండి. వ్యాధిని చూపించుకొనేందుకు పడే శ్రమయే ఆ వ్యాధికి ఎరువు అవుతున్నది.

ఈ సంగతి పాతవారికి తెలియనిది కాదు. రోము నగరపు సెల్సస్ ఒకటవ శతాబ్దిలోనే, వైద్యుడు రాగానే చేయి పట్టుకొనరాదనీ, ప్రసన్నముఖంతో కూర్చొని కుశలమడిగి, రోగి మనస్సు కుదుటపడిన పిమ్మటనే నాడి చూడవలెననీ వ్రాశాడు. ప్రియమైన వ్యక్తి పేరు వినగానే నాడి మారుతుందని పదకొండవ శతాబ్దిలో ఇబ్న్ సీనా తన ‘ఖానూన్’లో గుర్తించాడు. మన ఉర్దూ విద్యార్థులకు ఇది తెలిసిన ముచ్చటే. పేరు వింటేనే మారే నాడి, మందలింపు వింటే మారదా?

గుడివాడలో 1945లో స్థాపించిన హోమియో వైద్య కళాశాల ఉన్నది. ఆ మందుల గుణం గురించి మాకు సందేహాలు లేకపోలేదు. కాని ఆ పద్ధతిలో వైద్యుడు రోగి నిద్రను, ఆకలిని, దిగులును ఓపికగా అడిగి వ్రాసుకుంటాడు. జనం అక్కడికి మందు కొరకే పోతున్నారా, ఆ అడగడం కొరకు పోతున్నారా అని మాకు అనుమానం.

వైద్యులు వెంటనే అంటారు: ఉదయం నుండి వంద మందిని చూడవలసిన మాకు కుశలప్రశ్నలకు తీరిక ఎక్కడిది? నిజమే. తప్పు ఆ ఒక్కరిది కాదు. తెల్లకోటు రక్తపోటు అంటే ఉత్త భ్రమ అని ఎవరూ అనుకోరాదు. అటువంటి వారిలో కొందరికి తరువాత నిజమైన రక్తపోటే స్థిరపడుతుంది. తమంతట తాము మందు తగ్గించుకోవడం కూడదు.

కాని మేము అడిగేది తీరికను కాదు. కొలిచే ముందు అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, మాట్లాడించకుండా కూర్చోబెట్టాలని, మూత్రం ఆపుకొని ఉండరాదని, ఒకటికి రెండుసార్లు కొలవాలని వైద్యశాస్త్రమే చెబుతున్నది. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్షకు పరగడుపు అక్కరలేదు. దివిసీమ చివరి ఊళ్ళ నుండి వచ్చేవారిని ఆకలితో బస్సు ఎక్కించనవసరం లేని సందర్భాలు ఎన్నో ఉంటాయి. చీటీ మీద అంకెతో పాటు గంట వ్రాస్తే ఏమి ఖర్చు? మన కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు ఇద్దరు, ఒకరు ఉర్దూ వచ్చినవారు, వారానికొక ఉదయం ఆ వరండాలో నిలబడి, ముసలివారిని పేరుతో పిలిచి లోపలికి తీసుకువెళ్ళలేరా? రక్తదాన శిబిరానికి ఉత్సాహంగా వచ్చే మన పిల్లలకు ఇది బరువైన పని అని మేము అనుకోము.

ఖాలాజాన్ ఇప్పుడు ఇంట్లోనే రక్తపోటు కొలుచుకుని ఒక పుస్తకంలో ఉర్దూ అంకెలతో వ్రాసుకుంటున్నారు. మొదటిసారి దానిని తీసుకువెళితే లోపల ఎవరికీ చదవరాలేదు. ఇప్పుడు మనుమరాలు ప్రతి శుక్రవారం పక్కనే ఇంగ్లీషు అంకెలు వేసి పెడుతున్నది. క్రిందటి నెల క్రొత్తగా వచ్చిన వైద్యురాలు ఆ పుస్తకం తెరచి, మొదటి పుట నుండి చివరి పుట దాకా చదివి, ఆ తరువాతనే పట్టీ అందుకున్నదట. 142.