మూడవ తరగతిలో మౌనం, ఐదవ తరగతిలో శిక్ష



లోకో పైలట్‌గా చేరదలచిన వానికి ముందుగా కంటి పరీక్ష జరుగుతుంది. రంగులను వేరుపరచలేడని తేలితే వానిని సోమరి అని ఎవరూ నిందించరు. సర్వీసులో ఉండగా చూపు తగ్గి డీకేటగిరైజ్ అయిన వానికి ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వవలసినదేనని వాదించేది మనమే. కాని మన క్వార్టర్సులలోనే, గుణింతం వద్ద, వత్తుల వద్ద ప్రతిసారీ తడబడే ఎనిమిదేళ్ల బిడ్డకు పరీక్ష లేదు, నింద ఉన్నది. మొద్దు, సోమరి, పొగరుబోతు అని బడిలో బిరుదులు. సాయంత్రం ఇంటివద్ద దెబ్బలు. ఆ దెబ్బలలో మన చేతులకూ భాగమున్నదని ఒప్పుకుని తీరాలి.

ఆ బిడ్డకు తెలివి లోటు లేదు. విజయవాడ నుండి విశాఖ వరకు స్టేషన్ల పేర్లు వరుసగా ఒప్పజెప్పగలడు. అవే పేర్లు కాగితంపై చదవమంటే చెమటలు పోస్తాయి. అక్షరాన్ని దాని ధ్వనితో జతపరచడంలో మెదడుకు కలిగే ఈ కష్టం తరచు వంశంలోనే వస్తుంది. చదువులో చూపితే డిస్లెక్సియా అనీ, రాతలో డిస్‌గ్రాఫియా అనీ, లెక్కలలో డిస్‌కాల్క్యులియా అనీ అంటున్నారు. పేరు ఏదైనా, తొందరగా గుర్తించి, ధ్వనులను విడదీసి ఓపికగా, క్రమంగా నేర్పితే బిడ్డ చదువు మెరుగుపడుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ కష్టమూ, అవమానమూ పెరుగుతాయి.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ పిల్లల ప్రస్తావనే లేదు. 2016 చట్టం వీరిని చేర్చినది. వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన జరిపే బాధ్యతను విద్యాసంస్థలపైనే ఉంచినది. మూడవ తరగతిలో, లేదా ఎనిమిదేళ్లు నిండినపుడు, ఏది ముందైతే అప్పుడు, ఉపాధ్యాయులే ప్రాథమిక పరిశీలన జరపాలని 2018 జనవరిలో మార్గదర్శకాలు వెలువడినవి. కాగితంపై ఇంతకంటె ఏమి కావాలి?

ఆచరణలో ఏమగుచున్నది? ఉపాధ్యాయునికి శిక్షణ ఇవ్వరు. ఓటర్ల జాబితాలకు, ఎన్నికల విధులకు మాత్రం పంపుతారు. పరిశీలించవలసిన పాఠశాల తండ్రివైపు తిరిగి "సర్టిఫికెట్టు తెండి" అంటుంది. ట్రాక్ మెయింటైనరు సెలవు పెట్టి, బిడ్డ చేయి పట్టుకుని ఆసుపత్రి వరండాలలో తిరుగుతాడు. ఇంతలో 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించి, తన ఆధీనంలోని పాఠశాలలలో ఐదు, ఎనిమిది తరగతుల పరీక్ష తప్పిన వారిని, పునఃపరీక్షలోనూ తప్పితే, అదే తరగతిలో నిలుపవచ్చునన్నది. మన పిల్లలు అధికంగా చదివే కేంద్రీయ విద్యాలయాలకూ ఇది వర్తిస్తుంది. మూడవ తరగతిలో తన విధిని మరచిన పాఠశాలయే ఐదవ తరగతిలో శిక్ష వేస్తుందట! ఇది ఎక్కడి న్యాయము?

బదిలీలపై బ్రతికే మనకు మరొక చిక్కు ఉన్నది. ఖరగ్‌పూర్‌లో బంగాలీ లిపి, వాల్తేరులో తెలుగు, నాగపూరులో దేవనాగరి. బిడ్డ వెనుకబడినపుడు "భాష మారినది గదా, సర్దుకుంటాడు" అంటారు, రెండేళ్లు గడచిపోతాయి. ఇంటి భాషలోనే మాటను ధ్వనులుగా విడదీయగలడో లేదో నోటిమాటగా అడిగి చూస్తే భాష చిక్కేదో, అసలు చిక్కేదో చాలవరకు తెలియును. అందుకు భారతీయ భాషలలో సాధనాలు కావాలి. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం రూపొందించిన 'డాలి' 2015లో హిందీ, మరాఠీ, కన్నడం, ఆంగ్లాలతో వెలువడినది. ఆ తొలి విడతలో తెలుగుకు చోటు దక్కలేదు.

ఇక మన సంఘాల సంగతి. వికలాంగ శిశువులకు విద్యాభత్యం రెట్టింపు చేయించుకున్నాము. 2024 జనవరి నుండి అది నెలకు 5,625 రూపాయలు. మంచిదే. కాని ఆ మొత్తం సర్టిఫికెట్టు చేతికి వచ్చిన వానికే. అసలు గుర్తింపే లేని బిడ్డకు ఏ భత్యమూ లేదు. ఉపాధ్యాయుడు లేని చోట ఆ రూపాయలు ప్రైవేటు ట్యూషన్ల పాలగును. భత్యంపై మనము చూపిన పట్టుదలలో పదవ వంతైనా ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకంపై చూపినామా? లేదు.

ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతులలో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. తెలుగు జిల్లాల భవిత కేంద్రాలలో ఈ పని తెలిసిన వారిని ఏళ్ల తరబడి ఒప్పంద పద్ధతిపై నడిపించినారు. శ్రామికులుగా వారి సమస్య మన సమస్యయే. వారి ఉద్యోగ భద్రతే మన బిడ్డ అక్షరానికి భద్రత.

ప్రతి శాఖ తన పరిధిలోని పాఠశాలలకు ఈ నెలలోనే లేఖ వ్రాయవలెను: ఈ ఏడు మూడవ తరగతిలో ఎందరిని పరిశీలించినారు? ఎవరు పరిశీలించినారు? వారికి ఏ శిక్షణ ఇచ్చినారు? ఎందరికి ప్రత్యేక బోధన మొదలైనది? సమాధానాలను ఫెడరేషను కార్యాలయానికి పంపండి. సమాధానం రానిచోట రైల్వే శాఖలు ఆ విషయాన్ని వచ్చే పి.ఎన్.ఎం. సమావేశపు అజెండాలోను, తపాలా శాఖలు నెలవారీ సమావేశపు అజెండాలోను చేర్చవలెను.