పళ్ళెంలో పాషాణం

విషాలలో పాషాణానికి ఉన్న పేరు మరి దేనికీ లేదు. డిటెక్టివు నవలల్లో ఆస్తికోసం దాయాదులు పాలలో కలిపేది అదే. సైన్సు మేష్టార్లు దానినే ఆర్సెనిక్ అంటారు. కాని నిజజీవితంలో ఈ విషానికి దాయాదితో పని లేదు. నీటిలో కరిగి, గింజలో చేరి, రుచీ వాసనా లేకుండా ఏళ్ళ తరబడి నెమ్మదిగా పని చేస్తుంది. చర్మంమీద మచ్చలు, అరచేతులూ అరికాళ్ళూ మొద్దుబారి గట్టిపడడం, కొందరికి చివరకు కాన్సరు. అందుకే త్రాగే నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో హద్దు పెట్టింది. గ్రామును పదిలక్షల పాళ్ళు చేసి అందులో పదిపాళ్ళు తీస్తే ఎంతో, అంత!

ఇదంతా ఎక్కడో వంగదేశపు గొడవ అనుకునేరు! పటాన్‌చెరు 2016 దాకా మన మెదకు జిల్లాలోదే; ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. అక్కడి కార్ఖానాల మురుగుమీద 1990లోనే సుప్రీంకోర్టుకు వ్యాజ్యం వెళ్ళింది. హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతపు నేల, నీరు, కూరగాయలు, పాలు, మనుషుల వెంట్రుకలు, గోళ్ళు పరీక్షించి ఆర్సెనిక్ జాడ పట్టి 2003లో ప్రకటించారు. మట్టినుంచి మనిషిదాకా దారి పడిందన్నమాట. అక్కడి నక్కవాగు మంజీరలో కలుస్తుంది. అదే మంజీర ఘనపురం ఆనకట్ట దగ్గర మన వరిమళ్ళకు నీరిస్తుంది. అంతమాత్రాన మన బియ్యం విషమని కాదు సుమా! కాని అన్నం తినేవాళ్ళు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నవి.

నీరు నిలిచిన మడిలో మట్టికి గాలి ఆడదు. గాలి ఆడనిచోట, ఇనుమును అంటిపెట్టుకుని ఉన్న ఆర్సెనిక్ విడివడి నీటిలోకి వస్తుంది. వరికి కాడ గట్టిపడడానికి సిలికా కావాలి. వేరు ఆర్సెనిక్‌ను చూసి సిలికా అని భ్రమపడి లోపలికి రానిస్తుంది. మెట్టపైరుకు ఈ ప్రమాదం తక్కువ. కనుక జొన్నలలో, సజ్జలలో సాధారణంగా ఈ విషం వరికంటె తక్కువే. ఒకప్పుడు మన మెట్ట పల్లెలలో రోజూ జొన్నరొట్టె, పండుగనాడు వరి అన్నం. బోర్లు పడి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి, ఆ లెక్క తలక్రిందులయింది.

ఇక వంట సంగతి. ఎసరు కొలిచి పోసి కుక్కరులో పెడితే బియ్యంలో ఉన్నదంతా అన్నంలోనే మిగులుతుంది. ఎసరు దండిగా పోసి గంజి వారిస్తే ఆర్సెనిక్ సుమారు సగందాకా గంజితో పోవచ్చునని ప్రయోగాలు చెబుతున్నవి. అమ్మమ్మల పద్ధతిలో ఎంత శాస్త్రం ఉన్నదో చూడండి! అయితే ఎసటి నీరు మంచిదై ఉండాలి. ఆ నీటిలోనే విషముంటే అన్నం దానిని పీల్చుకుంటుంది. పైగా గంజితోపాటు బి విటమినులు కూడా పోతాయి.

ఆ నష్టం చిన్నది కాదు. లోపలికి చేరిన ఆర్సెనిక్‌ను కాలేయం రూపు మార్చి మూత్రంలో వెళ్ళగొడుతుంది. ఆ పనికి ఫోలేటు అనే బి విటమిను తోడు కావాలి. బంగ్లాదేశ్‌లో ఫోలేటు చాలనివారికి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం 12 వారాలు ఇచ్చి చూశారు. రక్తంలో ఆర్సెనిక్ సుమారు 14 శాతం తగ్గింది. మందులేని ఉత్తుత్తి మాత్రలు మింగినవారికి తగ్గినది రెండున్నర శాతమే. ఇది 2007లో వెలువడిన ఫలితం. ఈ ఫోలేటుకోసం సీమమందులు వెతకనక్కరలేదు. కందిపప్పు, పెసలు, శనగలు, పాలకూర, తోటకూర - వీటిలో కావలసినంత ఉన్నది.

కనుక ఒకే బావి నీరు త్రాగే రెండిళ్ళలో పప్పూ ఆకుకూరా ఉడికే ఇంట విషం త్వరగా బయటకు పోవచ్చు. ఉత్త అన్నమూ కారమూ తినే ఇంట అది ఎక్కువకాలం నిలవవచ్చు. పాషాణానికి కూడా పేదవాడే లోకువ!

అలాగని పప్పు వండలేదని ఇల్లాలిని తప్పుపట్టడం న్యాయం కాదు. తిండి కొంత కాపు కాస్తుందేగాని చెడిన నీటిని బాగుచేయలేదు. అనుమానమున్న చోట బోరునీటిని పరీక్ష చేయించడం, వాగులోకి మురుగు వదిలేవారి చేయి పట్టుకోవడం ప్రభుత్వం బాధ్యత. పొయ్యిమీది కుండ మన చేతిలో ఉన్నది. వాగు మాత్రం ఊరందరిదీ.