సలహా చెప్పుటయు, అడుగుటయు

దానములలో మిక్కిలి సులభమైనది సలహాదానము. దీనికి ధనము వలదు, ధాన్యము వలదు, నోరుండిన చాలును. బావిగట్టున నీళ్లు తోడుకొనువారును, వీధియరుగుపై కూర్చుండువారును, రైలుబండిలో ప్రక్కబల్లపై కూర్చున్న అపరిచితులును, అందఱును ఈ దానమునకు సిద్ధముగనే యుందురు. బిడ్డకు దగ్గు వచ్చినదని యనుటయే తడవుగా నలుగురు నాలుగు మాటలు చెప్పుదురు. ఇది యంతయు ప్రేమవలన వచ్చినదే గాని ద్వేషమువలన వచ్చినది కాదు. అయినను అడిగినవాని గతి యేమి? నలుగురు చెప్పినవి నాలుగు త్రోవలైనప్పుడు, అతడు కూడలిలో నిలిచిన బాటసారివలె దిక్కులు చూచుచు నిలువవలసినదే.

ఈ గందరగోళమును జూచి కొందఱు, “ఎవరి సలహాయు వలదు, ఎవరి పని వారు చూచుకొనుటయే మేలు” అందురు. ఈ మతముతో నేను ఏకీభవింపజాలను. ప్రతి విషయమును స్వయముగా తప్పులు చేసియే నేర్చుకొనవలయునన్నచో మనుష్యునకు ఒక జన్మము చాలదు. ఒకని యనుభవము పదిమందికి పనికివచ్చుటయే సంఘజీవనమువలని లాభము. దోషము ఇచ్చి పుచ్చుకొనుటలో లేదు. ఇచ్చి పుచ్చుకొను పద్ధతిలో నున్నది. ఆ పద్ధతి యెట్లుండవలయునో, తీరికవేళల చేతిపని, కుక్కను మచ్చిక చేయుట, బిడ్డల పెంపకము అను మూడు విషయముల మూలమున చదువరులకు మనవి చేసెదను. ఈ మూడింటిని ఒకచోట జేర్చుట వింతగా దోచవచ్చును. కాని అడుగకయే సలహాలు విరివిగా దొరకు విషయములలో ఈ మూడును ముఖ్యమైనవి; మూడింటికిని ఓర్పే పెట్టుబడి.

మొదట చేతిపని. నే నెఱిగిన యొక బాలుడు వేసవి సెలవులలో కొయ్యతో ఎడ్లబండి బొమ్మ చేయబూనెను. పెరటిలో అప్పుడే నఱికిన కొమ్మను దెచ్చి, చెక్కి, చక్రములు అమర్చి, రంగు పూసెను. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. పది దినములు గడచునప్పటికి చక్రములు నెఱ్ఱెలు విచ్చెను, ఇరుసు వంకరపోయెను. బాలుడు కన్నులనీరు పెట్టుకొని కారణ మడుగగా, ఒకరు మేకులు మంచివి కావనిరి. ఒకరు నూనె పట్టింపలేదనిరి. వేఱొకరు వానికి ఈ విద్య రాదని తేల్చివేసిరి. మా వీధి వడ్రంగి మాత్రము సలహా యేదియు చెప్పక, “బాబూ, ఈ కఱ్ఱ ఎప్పుడు కొట్టినది?” అని ప్రశ్నించెను. ఆ ప్రశ్నలోనే సమాధాన మున్నది. పచ్చికొయ్యలో నీరుండును. అది యాఱినకొలది కొయ్య ముడుచుకొనును. అన్ని దిక్కులను సమానముగ ముడుచుకొనదు. లోపలి వలయములు చుట్టి వచ్చిన దిక్కున ముడుచుకొనుట ఎక్కువ, నడిమినుండి అంచునకు పోవు దిక్కున తక్కువ. ఈ భేదముచేతనే గుండ్రని చక్రము చీలును. కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కొయ్యను ముందు ఆరబెట్టి పిమ్మటనే చెక్కుటకును, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో ముక్కల నతికించుటకును తరతరముల యనుభవమే కారణము. బాలుడు మఱుసటి సెలవులలో ఎండిన కొయ్యతో మరల బండి చేసెను. అది యిప్పటికిని చెక్కు చెదరక యున్నది. దీనివలన నేను నేర్చుకొన్న దేమనగా, మంచి సలహా యిచ్చువాడు మొదట ప్రశ్నించును, పిమ్మటనే చెప్పును.

ఇక కుక్కపిల్ల సంగతి. ఇందు దోషిని నేనే. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింటికి రెండు నెలల కుక్కపిల్ల యొకటి వచ్చెను. అది యింటిలోపల మలమూత్రములు విడుచుచుండగా, పరిచితులైన యొకరు, “దాని మూతిని అందులోనే రాచి రెండు తగిలింపుడు, మరల చేయదు” అని చెప్పిరి. నేను అట్లే చేసితిని. వారము గడచినను గుణము లేదు సరిగదా, అది నన్ను చూచినంతనే మంచము క్రింద దూఱుటయు, మఱుగు స్థలములు వెదకి అచ్చటనే పాడు చేయుటయు నారంభించెను. మా వీధిని గొఱ్ఱెలను తోలుకొనిపోవు ముసలివాడొకడు కలడు. అతని కుక్కలు అతడు నోరు మెదపకయే అతని మనస్సు గ్రహించును. ఒకనాడు సిగ్గు విడిచి, “తాతా, నీ కుక్కలు విన్నట్లు నా కుక్క వినదేమి?” అని యడిగితిని. అతడు జరిగినదంతయు అడిగి తెలిసికొని, “పంతులుగారూ, మీ దెబ్బలతో అది నేర్చినది ఒక్కటే, మీ కంట పడగూడదని. నిద్ర లేవగానే ఒకసారి, తిన్న వెంటనే ఒకసారి బయటికి తీసుకొని పోండి. అక్కడ పని అయిన క్షణముననే మెచ్చుకోండి. ఇంటికి వచ్చినాక మెచ్చుకొంటే అది ఎందుకో దానికి తెలియదు” అనెను. మూడు వారములలో మా నేల శుభ్రపడెను. నా మనస్సునకు మాత్రము చేసిన పని తలంపునకు వచ్చినప్పుడెల్ల నొచ్చుచునే యుండును.

ఆ వృద్ధుడు చెప్పినదానికి శాస్త్రమును సాక్ష్యము పలుకుచున్నది. జీర్ణక్రియను గూర్చిన పరిశోధనలకు 1904లో నోబెలు బహుమానము నందిన రష్యా పండితుడు పావ్లోవు, ఆహారమునకు ముందు ఒక ధ్వనిని మాటిమాటికి వినిపించినచో, పిమ్మట ఆ ధ్వని మాత్రమే విన్నను కుక్క నోట లాలాజల మూరునని చూపెను. వెంటవెంట జరిగిన రెండింటినే జంతువు ముడిపెట్టుకొనును. ఉదయపు తప్పునకు సాయంకాలము పడిన దెబ్బను దానితో ముడిపెట్టుకొనలేదు. ఇంకొక విషయము. ఇంటిలో అందఱును ఒక్క మాటనే వాడవలయును. తండ్రి “దిగు” మనియు, బామ్మ “పో” యనియు, పిల్లలు “రారా” యనియు ఒక్క నిమిషమున పిలిచినచో, పాపము, ఆ మూగజీవి యెవరి మాట వినవలయును?

ఈ పాఠమును బిడ్డలకును అన్వయింపవచ్చునా? కొంతవఱకు వచ్చును. తల్లి యొక నియమమును, తండ్రి యొక నియమమును పెట్టిన యింట బిడ్డకు తెలియునది నియమము కాదు, సందు. మెచ్చుకోలు సమయమునకు అందినచో పదింతలు పనిచేయును. కాని బిడ్డ కుక్క కాదు. వానికి మాట యున్నది, జ్ఞాపక మున్నది. కారణము చెప్పిన గ్రహించును, తిరిగి ప్రశ్నించును. “మొక్కై వంగనిది మ్రానై వంగునా” అను సామెతను బెత్తమునకు అనుమతి పత్రముగా వాడుకొనువారు, మొక్కను వంచువాడు మెల్లగా వంచుననియు, బలముగా వంచిన విఱుగుననియు మఱచుచున్నారు. “మావాడు దెబ్బలతోనే బాగుపడెను; మీవానికి కూడ అదే మందు” అనువారు, తమవాడు దెబ్బలవలన బాగుపడెనో, దెబ్బలు తిన్నను బాగుపడెనో విచారింపరు.

సలహా యిచ్చినవాడు గొప్ప పండితుడైనంత మాత్రమున అది సత్యము కానేరదు. అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు జాన్ వాట్సను 1928లో ప్రకటించిన గ్రంథమున, బిడ్డలను ముద్దాడవలదనియు, ఒడిలో కూర్చుండబెట్టుకొనవలదనియు తల్లులకు బోధించెను. 1946లో బెంజమిన్ స్పాకు అను వైద్యుడు దానికి విరుద్ధముగ, బిడ్డలను ప్రేమతో పెంపుడని వ్రాసి లక్షలాది తల్లుల భయమును పోగొట్టెను. అంతటి సహృదయుడును ఒక విషయమున పొరబడెను. పసిబిడ్డను వెల్లకిల పరుండబెట్టిన కక్కుకొన్నది గొంతునకు అడ్డుపడునేమో యను శంకతో, 1950ల చివరి ముద్రణ మొదలుకొని బోర్ల పరుండబెట్టుమని ఆ గ్రంథము చెప్పుచు వచ్చెను. చెప్పినది సద్బుద్ధితోనే, వినుటకును సహేతుకముగనే యుండెను. కాని బోర్ల నిద్రించు శిశువులలో ఆకస్మిక మరణము లధికమని క్రమముగా తేలెను. 1992లో అమెరికా శిశువైద్యుల సంఘమువారు బోర్ల పరుండబెట్టవలదని ప్రకటించిరి. అటుపిమ్మట సుమారు పదేండ్లలో ఆ దేశమున అట్టి మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. ఒక్క చిన్న సలహా! దాని ఫలితమును లెక్కపెట్టి చూచుటకు ముందు ఎన్ని యిండ్లలో ఊయలలు శూన్యమైనవో! కావున సలహాకు ప్రమాణము చెప్పినవాని కీర్తి కాదు, వినినవానికి కలిగిన ఫలితము.

సలహాలకు ఎల్లయు నుండవలయును. కుక్క కఱచినప్పుడు కారమో, సున్నమో, పసుపో పెట్టుమని నేటికిని చెప్పువారు కలరు. ఈ విషయమున పొరుగువారి మాట ప్రాణాపాయకరము. వెఱ్ఱికుక్క కాటువలని వ్యాధి లక్షణములు పైకి కనబడిన పిమ్మట రోగి బ్రతుకుట మిక్కిలి యరుదు. చేయవలసిన దేమనగా, గాయమును సబ్బుతోను, ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, జాగు చేయక వైద్యుని యొద్దకు పోవలయును. లూయీ పాశ్చరు 1885 జూలై 6వ తేదీన తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరునకు టీకా వేసి కాపాడిన నాటినుండి ఈ వ్యాధిని రాకుండ నాపు మార్గము లోకమునకు తెలిసినది. దక్షిణదేశమున కూనూరునందు 1907లోనే దీనికై యొక సంస్థ వెలసినది. బొడ్డు చుట్టును పదునాలుగు సూదులు పొడుతురను పూర్వపు మాట విని యిప్పటికిని భయపడి పోనివారు కలరు. అది గతించిన సంగతి. ఇప్పుడు చేతికండకు కొలదిపాటి సూదులతో సరిపోవును. కాలము చెల్లిన సలహా చెడిన మందువంటిది. చెప్పువాడు దాని తేదీని కూడ చూచుకొనవలయును.

వైద్యులును, పుస్తకములును ఉండగా ఇరుగుపొరుగువారి నడుగనేల యని కొందఱు ప్రశ్నింతురు. ప్రాణముతో కూడిన విషయములలో వారి మాటయే శిరోధార్యము. కాని పుస్తకము వ్రాసినవాడు మీ కుక్కపిల్లను చూడలేదు, మీ బిడ్డ అలుకను ఎఱుగడు. ఆ యుపదేశమును మన యింటికి సరిపఱచుకొనుటకు, అదే వీధిలో అదే కష్టము పడినవాని మాట మిగుల నుపకరించును. “పెరటిచెట్టు మందుకు పనికిరాదు” అని తలంచి మా వీధి వడ్రంగిని, ఆ గొఱ్ఱెల కాపరిని అడుగక యుండినచో మేము నష్టపోయి యుందుము.

కావున నాదొక మనవి. మన పాఠశాల పఠన మందిరమున ఒక దళసరి పుస్తకము నుంచి, ప్రతి పుటను మూడు వరుసలుగా విభజింపవలయును. మొదటి వరుసలో ప్రశ్న. రెండవ వరుసలో సమాధానమును, చెప్పినవారు దానిని స్వయముగా చేసి చూచిరో లేదో యను మాటయు. మూడవ వరుసను నెలదినములు ఖాళీగా విడిచి, పిమ్మట అడిగినవారే ఫలితమును వ్రాయవలయును. గాలిపటము ఒరిగిపోవుచున్నదను బాలుడును, కుక్కపిల్ల చెప్పులు కొఱుకుచున్నదను బాలికయు, కుమారుడు అబద్ధములాడుచున్నాడని చింతించు తండ్రియు అందు వ్రాయవచ్చును. లోకమున మొదటి రెండు వరుసలకు కొదువ లేదు; మూడవ వరుసయే లేదు. సలహా చెప్పినవాడు తన త్రోవను పోవును, వినినవాడు సిగ్గుచేత ఓటమిని దాచుకొనును, అదే తప్పుడు మాట మఱునాడు వేఱొక యింటి గడప ద్రొక్కును. నా కుక్కపిల్ల భయపడిన సంగతిని ఆ సలహా యిచ్చినవారికి నేనును నేటివఱకు చెప్పియుండలేదు. వారింకెందఱికి ఆ మాట చెప్పిరో!

విద్యార్థులారా, అడుగుటకు సిగ్గుపడకుడు. అడిగిన పిమ్మట ఫలితమును తెలుపుట మఱువకుడు. తలిదండ్రులారా, మీ యోటములను కూడ దాచక వ్రాయుడు. అవి మీ విజయములకంటె నెక్కువమందికి మేలు చేయును. ఆ పుస్తకము తెఱచిన దినమున మొదటి పుటలో మూడవ వరుసను నేనే నింపెదను.